పడమటి మండలాల్లో చిన్న విమానాశ్రయం: బిజినెస్ జెట్లకు ఎంత రన్‌వే కావాలి?

చిత్తూరు జిల్లా కుప్పం ప్రాంతంలో విమానాశ్రయం కట్టాలన్న ప్రతిపాదన కొన్నేళ్లుగా నలుగుతూనే ఉంది. ఆ ప్రస్తావన వచ్చినప్పుడల్లా రన్‌వే పొడవు మీద మూడు సమాధానాలు వినిపిస్తుంటాయి. భూసేకరణ తక్కువలో ముగియాలనుకొనేవారు 1,500 మీటర్లు చాలంటారు. మధ్యేమార్గం కోరేవారు 1,800 మీటర్లంటారు. కట్టేది ఎలాగూ కడుతున్నాం కాబట్టి 2,400 మీటర్లు కట్టేస్తే మళ్ళీ చూసుకోనక్కరలేదనేది మూడో వాదన. ఎయిర్‌లైన్ సర్వీసుల సంగతి పక్కన పెట్టి, బిజినెస్ జెట్లు, చార్టర్ విమానాలు, అత్యవసర వైద్య విమానాలు దిగే చిన్న విమానాశ్రయాన్ని మాత్రమే దృష్టిలో పెట్టుకొని ఈ మూడింటినీ పోల్చడం ఈ వ్యాసం ఉద్దేశం. ఒక మాట ముందే చెప్పాలి. ‘అతి పెద్ద జెట్‌కు ఎంత కావాలి’ అన్న ప్రశ్నతో మొదలుపెట్టినవారికి సరైన సమాధానం దొరకదు. ఏ విమానం, ఎంత దూరానికి, ఏ నెలలో, ఏ వేళప్పుడు అన్న నాలుగూ తేలితేనే పొడవు తేలుతుంది.

కరపత్రంలోని అంకె దేనికి పనికొస్తుంది

విమాన తయారీదారులు తమ కరపత్రాల్లో ప్రకటించే టేకాఫ్ పొడవు సముద్రమట్టం దగ్గర, 15 డిగ్రీల ఉష్ణోగ్రతలో, వాలు లేని పొడి రన్‌వే మీద, పూర్తి బరువుతో లేచే విమానానికి సంబంధించినది. ఆ లెక్కన ఫెనమ్ 300ఈ వంటి తేలికపాటి జెట్‌కు దాదాపు 980 మీటర్లు, మధ్యస్థమైన సైటేషన్ లాటిట్యూడ్‌కు దాదాపు 1,090, పెద్దదైన చాలెంజర్ 650కి దాదాపు 1,720, ఖండాలు దాటే గ్లోబల్ 6000కి దాదాపు 1,975 మీటర్లు కావాలి. జెట్ల విషయంలో ఈ పొడవు అంటే చక్రాలు నేల విడిచేదాకా పట్టే దూరం మాత్రమే కాదు. నిర్ణయ వేగం (లేవాలా, ఆగాలా అని తేల్చుకోవలసిన చివరి వేగం) దగ్గర ఒక ఇంజిన్ ఆగిపోయినా మిగిలినదానితో లేచి 35 అడుగుల ఎత్తు అందుకోవడానికి పట్టే దూరం ఒకటి. అదే వేగం దగ్గర ప్రయాణం మానుకొని బ్రేకులు వేసి ఆగడానికి పట్టే దూరం రెండోది. ఇంజిన్లన్నీ సవ్యంగా పనిచేసినప్పటి దూరానికి 15 శాతం కలిపినది మూడోది. ఈ మూడింటిలో ఏది పెద్దదైతే అదే లెక్క. కాబట్టి కరపత్రంలోని అంకెలోనే కొంత భద్రత ఇమిడి ఉంటుంది. అయితే ఆ భద్రత ఇంజిన్ ఆగిపోవడం వంటి ప్రమాదానికే తప్ప మన ఎండకు సంబంధించినది కాదు.

ఎత్తు, ఎండ, వాలు

ప్రాథమిక ప్రణాళిక కోసం అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, అంటే ఐకావో, ఒక సులభమైన పద్ధతి చెప్పింది. సముద్రమట్టం నుంచి ప్రతి 300 మీటర్ల ఎత్తుకు పొడవును 7 శాతం పెంచాలి. ఆ ఎత్తులో ఉండవలసిన ప్రామాణిక ఉష్ణోగ్రత కన్నా ఎక్కువైన ప్రతి డిగ్రీకి 1 శాతం పెంచాలి. రన్‌వే వాలు ప్రతి 1 శాతానికి 10 శాతం పెంచాలి. ఉష్ణోగ్రత అన్నప్పుడు ఏదో ఒక రోజు రికార్డయిన గరిష్ఠాన్ని తీసుకోకూడదు. ఏడాదిలో అతి వేడిగా ఉండే నెలలోని రోజువారీ గరిష్ఠాల సగటును, అదీ కొన్నేళ్లకు సగటు కట్టి, తీసుకోవాలి.

ఈ పద్ధతిని ఉమ్మడి చిత్తూరు జిల్లాకు అన్వయిస్తే తూర్పు మండలాలకూ పడమటి మండలాలకూ ఉన్న తేడా స్పష్టంగా కనిపిస్తుంది. రేణిగుంట విమానాశ్రయం ఎత్తు సముద్రమట్టం నుంచి సుమారు 105 మీటర్లు. కుప్పం సుమారు 680 మీటర్లు. రేణిగుంట వైపు ఉష్ణోగ్రతను 40 డిగ్రీలుగా, కుప్పం వైపు 36 డిగ్రీలుగా లెక్క కోసం అనుకుందాం. రేణిగుంటలో ఎత్తు, ఎండ కలిసి దాదాపు 29 శాతం పెంచుతాయి. కుప్పం కాస్త చల్లగా ఉన్నా అక్కడ పెంపు 45 శాతం దాకా వెళ్తుంది. ఎత్తు పెరిగేకొద్దీ ప్రామాణిక ఉష్ణోగ్రత కూడా తగ్గుతుంది కాబట్టి, మనకు చల్లగా అనిపించే 36 డిగ్రీలు విమానానికి చల్లదనం కాదు. ఆ మధ్యాహ్నం కుప్పంలో నిలబడిన విమానానికి గాలి ఎంత పలుచగా ఉంటుందో లెక్క వేస్తే దాదాపు 1,600 మీటర్ల ఎత్తుకు సమానమని తేలుతుంది. అంటే హార్సిలీ కొండల శిఖరం కన్నా ఎత్తైన చోటు నుంచి లేస్తున్నట్టే.

ఎత్తు, ఉష్ణోగ్రతల మొత్తం సవరణ 35 శాతం దాటితే ఈ సులభ సూత్రాన్ని నమ్ముకోకుండా ప్రత్యేక అధ్యయనం చేయాలని ఐకావో సూచిస్తుంది. చిత్తూరు పట్టణం ఎత్తు సుమారు 330 మీటర్లు కాబట్టి దాని పరిసరాలు దాదాపు ఆ గీత మీదే నిలబడతాయి. కుప్పం, పలమనేరు వైపు స్థలాలు గీత దాటిపోతాయి. అందువల్ల కింద ఇచ్చిన అంకెలను ఎంపికలను వడపోయడానికి మాత్రమే వాడాలి. తుది నిర్ణయం ఒక్కో విమానం ఫ్లైట్ మాన్యువల్‌లోని పట్టికలతో జరగాలి.

కుప్పం ఎత్తులో, అర శాతం వాలున్న రన్‌వే మీద, మే నెల మధ్యాహ్నం పూర్తి బరువుతో లేవాలంటే ఫెనమ్ 300ఈకి సుమారు 1,490 మీటర్లు, లాటిట్యూడ్‌కు 1,665, చాలెంజర్ 650కి 2,625, గ్లోబల్ 6000కి 3,010 మీటర్లు వస్తాయి. ఈ చివరి అంకె చూసి గుండెలు బాదుకోనక్కరలేదు. రేణిగుంటలో విస్తరణకు ముందున్న 2,286 మీటర్ల రన్‌వే మీద కూడా గ్లోబల్ 6000 మండువేసవి మధ్యాహ్నం పూర్తి బరువుతో లేవడం ఈ లెక్కన సాధ్యం కాదు. అయినా పెద్ద జెట్లకు ఆ పొడవు సరిపోయేది. దానికి కారణం బరువు.

పూర్తి ట్యాంకు ఎవరికి కావాలి

కుప్పం నుంచి ఢిల్లీకి ఆకాశ మార్గంలో సుమారు 1,760 కిలోమీటర్లు, ముంబైకి సుమారు 915 కిలోమీటర్లు. చాలెంజర్ 650 పూర్తి ఇంధనంతో 7,400 కిలోమీటర్లు ఎగరగలదు. ఢిల్లీ వెళ్ళడానికి దానికి ట్యాంకు నిండా ఇంధనం పోయడం పొరుగూరి సంతకు ఆరు నెలల సరుకు మోసుకెళ్ళడం వంటిది. దాని పూర్తి బరువు సుమారు 22 టన్నులు, అందులో ఇంధనమే సుమారు 9 టన్నులు. సగం ఇంధనంతో బయలుదేరితే బరువు అయిదో వంతు తగ్గుతుంది. టేకాఫ్ దూరం ఉజ్జాయింపుగా బరువు వర్గాన్ని (బరువును బరువుతోనే గుణిస్తే వచ్చేదాన్ని) అనుసరించి మారుతుంది కాబట్టి, 2,625 మీటర్లు కావలసిన విమానానికి 1,650 నుంచి 1,700 మీటర్లు చాలవుతాయి. ఇది ముతక లెక్కే అయినా, దిశను తప్పుగా చూపదు.

అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ తన మార్గదర్శకంలో ఈ సంగతినే మరో విధంగా చెబుతుంది. 12,500 నుంచి 60,000 పౌండ్ల మధ్య బరువున్న జెట్ల కోసం అది రెండు రకాల లెక్కలు ఇస్తుంది. ఒకటి విమానం మోయగల ఉపయోగ భారంలో 60 శాతంతో లేవడానికి, రెండోది 90 శాతంతో లేవడానికి. ప్రయాణికులు, ఇంధనం కలిపినదే ఉపయోగ భారం. దేశంలోపలి ప్రయాణాలే ప్రధానమైన చోట 60 శాతం లెక్కతో మొదలుపెట్టడం సమంజసమని నా అభిప్రాయం. అదే సంస్థ చెప్పే మరో నియమం నాకు ఇంకా ఇష్టం. ఏ విమానాన్ని ఆధారంగా తీసుకొని రన్‌వే గీస్తారో, ఆ రకం విమానాలు ఏడాదికి కనీసం 500 రాకపోకలు జరపాలి. దిగడం ఒకటి, లేవడం ఒకటిగా లెక్కిస్తారు కాబట్టి, వారానికి దాదాపు అయిదుసార్లు వచ్చి వెళ్ళే విమానమే పొడవును నిర్ణయించాలన్నమాట. ఏడాదికి ఒకసారి ఏ పెళ్ళికో, గంగ జాతరకో వచ్చే పెద్ద జెట్‌కు ఆ హక్కు లేదు.

బయలుదేరే వేళ కూడా పొడవును కొంత ఆదా చేస్తుంది. అదే లాటిట్యూడ్ మధ్యాహ్నం 36 డిగ్రీల్లో 1,665 మీటర్లు అడిగితే, ఉదయం 24 డిగ్రీల్లో దాదాపు 1,505 మీటర్లే అడుగుతుంది. ఆ కొన్ని గంటల తేడా 160 మీటర్ల తారుకు సమానం.

పొడవు పెంచినా తీరని ఇబ్బంది ఒకటుంది. రెండు ఇంజిన్ల విమానంలో ఒకటి ఆగిపోయినప్పుడు, చక్రాలు లోపలికి ముడుచుకున్న తరువాత కూడా కనీసం 2.4 శాతం వాలున పైకి ఎక్కగలిగిన బరువుతోనే లేవాలి. వేడి రోజున ఈ పరిమితే విమానం బరువును కట్టడి చేస్తే, రన్‌వేకు మరో 500 మీటర్లు కలిపినా పెద్దగా ఒరిగేది ఉండదు. 2,400 మీటర్ల పక్షం వహించేవారు ఈ విషయాన్ని దాదాపుగా ప్రస్తావించరు.

కార్తీక మాసపు వాన, దిగే విమానం

చాలామంది టేకాఫ్ లెక్కతోనే ఆగిపోతారు. జిల్లాకు ఈశాన్య రుతుపవనాల వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గట్టిగా పడుతుంది; ఆ రోజుల్లో రన్‌వేను శాసించేది దిగే విమానమే కావచ్చు. సొంత జెట్‌లో వచ్చే యజమానికీ, డబ్బు తీసుకొని ప్రయాణికులను తెచ్చే చార్టర్ సంస్థకూ ఇక్కడ తేడా వస్తుంది. అమెరికా, ఐరోపా నిబంధనల్లో వాణిజ్య జెట్ సాధారణంగా అందుబాటులో ఉన్న ల్యాండింగ్ పొడవులో 60 శాతంలోనే ఆగగలగాలి. రన్‌వే తడిగా ఉంటే ఆ లెక్కకు మరో 15 శాతం కలపాలి. 

సైటేషన్ ఎక్స్‌ఎల్‌ఎస్ ప్లస్ విషయం చూడండి. దానికి టేకాఫ్‌కు దాదాపు 1,085 మీటర్లు చాలు. దిగడానికి కరపత్రంలో ఉండేది సుమారు 970 మీటర్లు. 60 శాతం నియమంతో అది 1,615 మీటర్లవుతుంది. తడి రన్‌వే మీద 1,857 మీటర్లవుతుంది. కుప్పం ఎత్తుకు సవరిస్తే 2,150 మీటర్లు దాటుతుంది. తేలికగా లేచే విమానం దిగేటప్పుడు అంతకన్నా చాలా ఎక్కువ పొడవు అడుగుతోంది. ల్యాండింగ్ దూరం 675 మీటర్లే ఉన్న ఫెనమ్ 300ఈకి ఇదే లెక్క ఆ ఎత్తులో 1,500 మీటర్ల దగ్గర ముగుస్తుంది. ఒకే తరగతిగా కనిపించే రెండు జెట్ల మధ్య ఇంత అంతరం ఉన్నందువల్లే, ‘లైట్ జెట్లకు సరిపడా’ అని టెండరు పత్రంలో రాయడం అర్థం లేని పని. విమానాల పేర్లు రాయాలి.

చెరువు కట్ట మీది తాటిచెట్టు

కాగితం మీద గీసిన పొడవంతా వాడుకోవడానికి దొరకదు. టేకాఫ్ దిశలో రన్‌వే చివర నుంచి 60 మీటర్లు దాటిన తరువాత, 2 శాతం వాలున పైకి సాగే ఒక ఊహాతలాన్ని ఏదీ పొడుచుకు రాకూడదు. పడమటి మండలాల్లో ఏ మైదానం చివర చూసినా ఒక చెరువు, దాని కట్ట, కట్ట మీద నాలుగు తాటిచెట్లు ఉండనే ఉంటాయి. రన్‌వే చివర నుంచి 600 మీటర్ల దూరంలో, రన్‌వే మట్టం కన్నా 15 మీటర్లు ఎత్తున ఒక తాటి మొవ్వు ఉందనుకుందాం. అక్కడ ఊహాతలం ఎత్తు 10.8 మీటర్లే. చెట్టు 4.2 మీటర్లు పైకి పొడుచుకొచ్చింది. దాన్ని తప్పించడానికి రన్‌వే చివరను వెనక్కి జరిపితే 210 మీటర్లు పోతాయి. చెట్టయితే పరిహారమిచ్చి కొట్టించవచ్చు. హైటెన్షన్ లైనయితే మార్పించవచ్చు. నల్లరాతి గుట్ట అయితే దిశనే మార్చుకోవాలి. ఇలాంటి సర్వేల్లో లెవెల్ యంత్రం కన్నా ముందు ఊరి పెద్దను పట్టుకొని ‘ఆ గుట్ట మీద గుడి కట్టే ఆలోచన ఎవరికైనా ఉందా’ అని అడగడం నాకు అలవాటు. గాలిగోపురం లేచిన తరువాత ఊహాతలం గురించి చెబితే వినేవారుండరు.

రన్‌వే ఇరు చివర్లా స్ట్రిప్ (రన్‌వే చుట్టూ ఖాళీగా ఉంచే నేల) కోసం 60 మీటర్లు, దాని తరువాత విమానం జారిపోతే ఆపే భద్రతా ప్రాంతం కోసం సిఫారసు ప్రకారం 240 మీటర్లు వదలాలి. అంటే 1,800 మీటర్ల రన్‌వేకు 2,400 మీటర్ల పొడవైన నేల కావాలి. 2,400 మీటర్ల రన్‌వేకు మూడు కిలోమీటర్లు కావాలి. పరికరాల సాయంతో దిగే రన్‌వే స్ట్రిప్ వెడల్పు 280 మీటర్లు. ఆ స్ట్రిప్ ఒక్కటే 1,800 మీటర్ల రన్‌వేకు సుమారు 133 ఎకరాలు, 2,400 మీటర్ల రన్‌వేకు సుమారు 174 ఎకరాలు పడుతుంది. ఇందులో ఏప్రన్ (విమానాలు నిలిపే చోటు), టాక్సీవే (అక్కడి నుంచి రన్‌వేకు చేర్చే దారి), టెర్మినల్, కంచె ఇంకా కలవలేదు.

వాలు సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. ఈ తరగతి రన్‌వేలో అతి ఎత్తైన చోటుకూ అతి పల్లపు చోటుకూ ఉన్న తేడా మొత్తం పొడవులో 1 శాతం మించకూడదు. కుప్పం నేల కింద గ్రానైట్ ఉంది. ‘కుప్పం గ్రీన్’ అన్న పేరే రాతి వ్యాపారంలో చెలామణిలో ఉంది. 1 శాతం వాలును అర శాతానికి తేవడానికి రాయి పేల్చడం మేలా, ఆ వాలును అలాగే ఉంచి 80, 90 మీటర్లు పొడవు పెంచడం మేలా అన్నది నేల తవ్వి చూసిన తరువాతే చెప్పగల విషయం. రాయి పైపైనే తగిలితే పొడవు పెంచడమే చవకని నేను అంటాను.

ఎంపిక

1,500 మీటర్లను ఒక్క సందర్భంలోనే ఒప్పుకోవచ్చు. వచ్చేవి పిలాటస్ పీసీ-12 వంటి టర్బోప్రాప్ విమానాలు, వైద్య విమానాలు, ఫెనమ్ స్థాయి జెట్లు మాత్రమే అని ముందే ఖాయమై, స్థలం అంతకు మించి దొరకని పరిస్థితి అయితే అది పనికొస్తుంది. ఫెనమ్‌కు మే మధ్యాహ్నం 1,490, తడి రోజు చార్టర్‌గా దిగడానికి దాదాపు 1,500 మీటర్లు అవసరమైనప్పుడు, 1,500 మీటర్ల రన్‌వేలో పైలట్‌కు మిగిలేది ఏమీ లేదు. రేణిగుంట వైపు పల్లపు నేలలో అయితే ఇదే 1,500 మీటర్లు లాటిట్యూడ్‌కు కూడా సరిపోతాయి; అక్కడ వాలు లేకపోతే దానికి సుమారు 1,405 మీటర్లు చాలు. కానీ పక్కనే అంతకన్నా పెద్ద రన్‌వే ఉండగా అక్కడ మరొకటి కట్టే అవసరం ఎవరికీ రాదు.

2,400 మీటర్ల ఆకర్షణ ఖండాలు దాటే జెట్లే. అయితే విదేశాలకు నేరుగా వెళ్ళాలంటే రన్‌వే ఒక్కటే చాలదు. కస్టమ్స్, ఇమిగ్రేషన్ సిబ్బంది ఉండాలి. చిన్న విమానాశ్రయంలో అవి లేనంత కాలం దుబాయ్ వెళ్ళే విమానమైనా ముందు బెంగళూరులోనో చెన్నైలోనో దిగి తీరాలి. కుప్పం నుంచి బెంగళూరు విమానాశ్రయం ఆకాశ మార్గంలో సుమారు 85 కిలోమీటర్లే. అంత దగ్గరలో దిగబోయే విమానం కోసం పూర్తి ట్యాంకుతో లేవగల రన్‌వే కట్టడం డబ్బు తగలేయడమే. ఇక దేశంలోపలి ప్రయాణానికైతే, పైన చెప్పిన బరువు సూత్రం ప్రకారం గ్లోబల్ 6000 కూడా 1,800 మీటర్ల నుంచి ఢిల్లీకి వెళ్ళగలదు. దానికి అడ్డుపడేది పొడవు కన్నా ముందు రన్‌వే దృఢత్వం. దాని పూర్తి బరువు 45 టన్నులు. లాటిట్యూడ్ బరువు 14 టన్నులు. 14 టన్నుల కోసం వేసిన పొరల మీద 45 టన్నుల విమానాన్ని రోజూ దింపితే, పొడవెంత ఉన్నా రెండు వానాకాలాలకు తారు పగుళ్ళిస్తుంది. చేతిలో మిగులు డబ్బుంటే 600 మీటర్లు పొడిగించే బదులు ఉన్న 1,800 మీటర్లను మందంగా, నీరు త్వరగా జారేలా గాళ్ళు కోసి వేయడం మంచిది. 

కాబట్టి కుప్పం, పలమనేరు వైపు స్థలానికి నా సలహా 1,800 మీటర్లు. దీనికి నష్టం లేకపోలేదు. నవంబరు వానలో ఎక్స్‌ఎల్‌ఎస్ ప్లస్ వంటి విమానాన్ని నడిపే చార్టర్ సంస్థ ఈ రన్‌వేకు రాలేనని చెప్పి బెంగళూరులోనో రేణిగుంటలోనో దిగుతుంది. ఆ కొద్ది రోజుల ఇబ్బందిని భరించవచ్చు. కర్నూలు దగ్గరి ఓర్వకల్లులో 2021లో మొదలైన విమానాశ్రయం 2,000 మీటర్ల రన్‌వేతో ఏటీఆర్ వంటి ఎయిర్‌లైన్ విమానాలనే నడిపించిందన్నది కూడా గుర్తుంచుకోవాలి. బిజినెస్ జెట్లకే పరిమితమైన చోట 1,800 మీటర్లు బీదతనం కాదు.

అయితే ఒక షరతు ఉంది. కట్టేది 1,800 అయినా, మాస్టర్ ప్లాన్‌లో 2,400 మీటర్ల గీత ఇప్పుడే గీయాలి. ఆ అదనపు 600 మీటర్ల నేలను కొనలేకపోయినా, దాని చివర నుంచి లెక్కించిన ఎత్తు పరిమితులను మండల కార్యాలయాల్లో, పంచాయతీల్లో ఇప్పుడే నమోదు చేయించాలి. మామిడి తోట ఉంటే ఉండనివ్వచ్చు; సెల్ టవరు, గాలిగోపురం, నాలుగంతస్తుల కల్యాణమండపం మాత్రం ఆ దారిలో లేవకూడదు. ఏ చివరకు పొడిగించాలన్నది కూడా మొదటి రోజే తేల్చి, టెర్మినల్‌ను, టాక్సీవేను ఆ లెక్కతోనే పెట్టాలి. చెరువు ఉన్న చివర నుంచి కాక రెండో చివర నుంచి పొడిగింపు ఉండేలా చూసుకుంటే, ఆ నాలుగు తాటిచెట్లు కూడా బతికిపోతాయి.